ఆరవ తరగతి గుమ్మం

జూన్ 12 అనగానే మన రాష్ట్రంలో బడులు తెరిచే రోజని అందరికీ గుర్తు. ఆనాటి వార్తలలోను, ఛాయాచిత్రాలలోను ఎక్కువగా కనిపించేవారు ఒకటవ తరగతి పసివాళ్ళు. కొత్త సంచీ, ఏడుపు, వదలని అమ్మ కొంగు. చూడముచ్చటగానే ఉంటుంది. నా మట్టుకు నాకు మాత్రం, ఆ రోజున మనం ఇంకాస్త శ్రద్ధగా చూడవలసినది ఆరవ తరగతిలో కొత్తగా చేరే పిల్లలని అనిపిస్తుంది. పసివాడు ఏడుస్తాడు కనుక అందరూ దగ్గరకు తీసుకుంటారు. పదకొండేళ్ళ పిల్లవాడు ఏడవడు. వెనక బల్ల వెతుక్కుని మౌనంగా కూర్చుంటాడు.

మా ఉయ్యూరు సంగతే తీసుకుందాం. చుట్టూ గండిగుంట, కాటూరు, ఆకునూరు, ఓగిరాల, కడవకొల్లు వంటి పల్లెలు. పల్లెలోని చిన్న బడిలో ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులుంటారు. పిల్ల ఎవరి అమ్మాయో, వాళ్ళ నాన్న కౌలుకు చేస్తున్నాడో, చెరకు నరకడానికి వెళ్ళాడో వాళ్ళకు తెలుసు. అయిదవ తరగతి పూర్తయిన పిల్ల ఆ బడికి పెద్దక్క. వేసవి సెలవులు గడిచేసరికి అదే పిల్ల పెద్ద బడిలో అందరికన్నా చిన్నదైపోతుంది. పాఠానికొక ఉపాధ్యాయుడు మారతాడు. గంట మోగగానే పుస్తకం మార్చాలి. హిందీ అక్షరాలు అప్పుడే మొదలౌతాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు బల్ల మీద ఉంటాయి. మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని అన్నం తినాలో చెప్పేవారుండరు. మనకు ఇవి చిన్న విషయాలు. ఆ వయసులో ఇవే లోకం.

నేను చదువుకున్న రోజులలో పల్లె నుండి వచ్చిన పిల్లలను కొంతకాలం వాళ్ళ ఊరి పేరుతోనే పిలిచేవారు. హాజరు పట్టీలో పేరుండేది, నోటిమీద మాత్రం ఊరుండేది. అలా పిలిపించుకున్న ఒక కుర్రవాడు దసరా సెలవుల తరువాత మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదని మాలో ఎవరూ అడగలేదు, అడగవలసిన పెద్దలు కూడా అడగలేదు. అతని అసలు పేరు తరగతిలో సగం మందికి తెలియదు. పేరే తెలియనివాడు లేడన్న సంగతి ఎవరికి తడుతుంది?

ఈ ఇరవై ఏళ్ళలో ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననడం లేదు. 2003 జనవరి నుండి ప్రాథమిక పాఠశాలలలో మధ్యాహ్న భోజనం వండి పెడుతున్నారు, తరువాత అది ఉన్నత పాఠశాలలకూ వచ్చింది. 2020 అక్టోబరు 8న మా పొరుగునున్న కంకిపాడు మండలం పునాదిపాడులోనే విద్యా కానుక పథకాన్ని ప్రారంభించారు. సంచీ, పుస్తకాలు, ఏకరూప దుస్తులు, బూట్లు, మేజోళ్ళు, బెల్టు అన్నీ అందులో ఉన్నాయి. పేరు మారినా 2025లోనూ అటువంటి సామగ్రి అందింది. చిరిగిన సంచీకి సిగ్గుపడి బడి మానే పరిస్థితి ఇందువల్ల చాలావరకు తగ్గిందని నా నమ్మకం. ఆ మేలును తక్కువ చేయరాదు. అయితే సంచీని లెక్కపెట్టి పంచవచ్చు గాని స్నేహాన్ని అలా పంచలేం. ఆ భారం బడి మీద, ఊరి మీద ఉంటుంది.

పిల్లలను ఒక బడి నుండి ఇంకొక బడికి మార్చడం కాగితం మీద చాలా తేలిక. 2022లో 117వ నంబరు ఉత్తర్వుతో మూడు నుండి అయిదు తరగతుల పిల్లలను చాలాచోట్ల ఉన్నత పాఠశాలలలో కలిపారు. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేశారు. రెండు వైపులా వాదాలున్నాయి. ఆ వాదాలలో ఉపాధ్యాయుల సంఖ్య, గదుల సంఖ్య, కిలోమీటర్లు వినిపించినంతగా, కొత్త బడిలో మొదటివారం పిల్లవాడు ఎలా గడుపుతాడన్న మాట వినిపించలేదు.

ఒకటవ తరగతికి ఈ ఆలోచన ఇప్పటికే ఉంది. 2020 నాటి జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి 2021లో ‘విద్యా ప్రవేశ్’ పేరుతో మూడు నెలల ఆటపాటల కార్యక్రమాన్ని రూపొందించారు. జపానులో ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరిన పిల్లలకు ఆరవ తరగతి పిల్లలు చేయూతనివ్వడం ఆనవాయితీ. అటువంటి చేయూత మన ఆరవ తరగతి గుమ్మం దగ్గరా కావాలి.

ఇది మనకు చేతకానిదేమీ కాదు. మాఘ శుద్ధ ఏకాదశి నుండి పదిహేను రోజులు వీరమ్మతల్లి తిరునాళ్ళు జరుగుతాయి. ఆ రోజులలో ఉయ్యూరు చుట్టుపక్కల ఊళ్ళవారిని ఎంత ఆదరంగా చూస్తుందో తెలిసినదే. పూర్వం దసరాకు అయ్యవారు పిల్లలను ఇంటింటికీ తిప్పి పద్యాలు చదివించేవారు. పప్పుబెల్లాల మాట అలా ఉంచి, మన వీధి బడిలో ఎవరెవరున్నారో ఊరంతటికీ తెలిసేది. అమ్మవారికిచ్చే పదిహేను రోజులే ఏటా జూన్‌లో ఈ పిల్లలకూ ఇవ్వమని నా కోరిక.

చేయవలసినవి మూడే. ఒకటి, ఆరవ తరగతిలో చేరిన ప్రతి పిల్లకూ అదే దారిన వచ్చే తొమ్మిదవ తరగతి అక్కనో, పిల్లవాడైతే అన్ననో జత చేయాలి. రాకపోకలకు, భోజనానికి పదిహేను రోజులు తోడుండాలి. రెండు, మొదటి వారంలో పరీక్ష పెట్టకూడదు. ఆ వారంలో తరగతి ఉపాధ్యాయుడు ప్రతి పిల్లనూ పేరుతో పిలవగలగాలి. మూడు, వరుసగా మూడు రోజులు రాని పిల్ల ఇంటికి ఎవరైనా వెళ్ళి అడగాలి. తల్లిదండ్రుల కమిటీలోని ఆ ఊరివారికే ఈ పని అప్పగించవచ్చు.

ఉపాధ్యాయులకు ఇప్పటికే ఫోన్లలో వివరాలు ఎక్కించే పని తలకు మించి ఉంది, పాఠాలెప్పుడు పూర్తవుతాయని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పై మూడింటిలో మొదటిది పెద్ద పిల్లల పని, మూడవది ఊరి పని. ఉపాధ్యాయుడికి మిగిలినది పేర్లు నేర్చుకోవడం ఒక్కటే. బెదురు తీరిన పిల్లకు పాఠం త్వరగా అందుతుంది కనుక, ఆలస్యమైన పాఠాలను ఆగస్టులో పూర్తి చేసుకోవచ్చు. దసరాకు బడి మానేసిన పిల్లవాడిని వెనక్కి తేవడం మాత్రం అంత తేలిక కాదు.

మీ ఊరి బడిలో కొత్త పిల్లలను ఎలా చేర్చుకుంటున్నారో ఈ జూన్‌లో ఒకసారి వెళ్ళి చూడండి.