ఓడలో ఎనిమిది నోళ్లు



ఈ వారం ఒక తప్పు ఒప్పుకోవాలి. నాలుగేళ్ల కింద ఆదికాండం 7వ అధ్యాయం మీద ప్రసంగిస్తూ నేనొక సంగతి చెప్పాను. చైనా వాళ్లు ఓడకు రాసే అక్షరంలో మూడు ముక్కలున్నాయని, ఒకటి పడవ, ఒకటి ఎనిమిది, ఒకటి నోరు అని చెప్పాను. పడవలో ఎనిమిది నోళ్లంటే నోవహు, అతని భార్య, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లే కదా, కాబట్టి వాళ్ల పూర్వీకులకు జలప్రళయం తెలుసనడానికి ఇదే రుజువన్నాను. సండే స్కూల్ బోర్డు తెప్పించి గీసి మరీ చూపించాను. ఆ రోజు మీరందరూ ఎంత గట్టిగా హల్లెలూయా అన్నారో నాకింకా గుర్తుంది.

ఈ వాదన నా సొంతం కాదు. 1979లో కాంగ్ అనే చైనీస్ పాస్టర్, ఎథెల్ నెల్సన్ అనే అమెరికన్ డాక్టరమ్మ కలిసి రాసిన 'ది డిస్కవరీ ఆఫ్ జెనెసిస్' అనే పుస్తకం దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. నేను మాత్రం ఆ పుస్తకం చూసి చెప్పలేదు. వాట్సాప్‌లో వచ్చింది, బాగుంది, చెప్పేశాను.

మొన్న జూలైలో మన సంఘంలో పెరిగిన ఒక తమ్ముడు చైనా నుంచి సెలవులకు వచ్చాడు. అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నాడు. వాళ్లకు పాఠాలు ఇంగ్లిషులో చెప్పినా, వార్డుల్లో రోగులు మాట్లాడేది చైనీసే. అందుకే హెచ్‌ఎస్‌కే అనే భాషా పరీక్షలో నాలుగో స్థాయి దాటమంటారు. పాత లెక్క ప్రకారం ఆ స్థాయికి 1,200 మాటలు రావాలి. మనకు యాభై ఆరు అక్షరాలు నేర్చుకుంటే ఏ మాటైనా చదవొచ్చు. వాళ్లకు అలా కాదు. 2013లో చైనా ప్రభుత్వం ఇచ్చిన పట్టికలో, బాగా వాడుకలో ఉన్న మొదటి వరసలోనే 3,500 అక్షరాలున్నాయి.

"ఎలా గుర్తుపెట్టుకుంటున్నావు నాన్నా?" అని అడిగాను.

"కథలు కట్టుకుంటానండి అయ్యగారూ" అన్నాడు.

మా ఇంటి అరుగు మీద కూర్చుని ఒక పాత నోటుపుస్తకంలో గీసి చూపించాడు. చెట్టు పక్కన మనిషి నిలబడితే విశ్రాంతి. "మన మామిడితోటలో మధ్యాహ్నం నాన్న కూర్చున్నట్టు" అన్నాడు. కంటి మీద చెయ్యి పెడితే చూడటం. ఇంటి కప్పు కింద స్త్రీ ఉంటే శాంతి. అది విని మా అమ్మగారు లోపలి నుంచి నవ్వారు, ఎందుకో నాకు తెలుసు. కప్పు కింద పంది ఉంటే ఇల్లట. శరీర భాగాల అక్షరాలకు ఎడమవైపు సాధారణంగా మాంసం ముక్క ఉంటుంది. కాలేయానికి దాని పక్కన 'ఎండిపోవడం' అనే అక్షరం పెడతారు. "తాగి తాగి ఎండిపోయిన లివర్ అనుకుంటానండి, ఇక మర్చిపోవడం కుదరదు." ఊపిరితిత్తికి మాంసం పక్కన 'సంత' అనే అక్షరం లాంటిది ఉంటుంది. సంతలో జనం తొక్కిసలాటలో ఊపిరాడదని అతని కథ.

నాకు చాలా సంతోషమేసి, "మరి నేను చెప్పిన ఓడ?" అన్నాను, మెచ్చుకుంటాడనే ఆశతో.

కాసేపు మాట్లాడలేదు. చివరికి మెల్లగా అన్నాడు: "అదీ కథేనండి. గుర్తుపెట్టుకోవడానికి చాలా మంచి కథ. కానీ రుజువు కాదండి."

ఆ మాట నాకు మొదట రుచించలేదు. కానీ అతను ఒక్కొక్కటే చూపించాడు. ఇప్పుడు చైనాలో అచ్చువేసే రూపంలో పైనున్న ముక్క ఎనిమిదిలా ఉండదు, చిన్న బల్లలా ఉంటుంది. సరే, పాత రూపమే తీసుకుందాం. అదే 'ఎనిమిది నోళ్ల' ముక్క సీసం అనే లోహానికి రాసే అక్షరంలోనూ ఉంది. సీసంలో నోవహు కుటుంబానికి ఏం పని? ఏమీ లేదు. ఆ ముక్క అక్కడ అర్థం కోసం కాదు, శబ్దం కోసం ఉంది. చైనా అక్షరాల్లో నూటికి ఎనభైకి పైగా ఇలాగే తయారయ్యాయట: ఒక ముక్క అర్థం వైపు చూపిస్తుంది, ఇంకొకటి పలుకును సూచిస్తుంది. కాలేయం పక్కనున్న 'ఎండిపోవడం' కూడా 'గాన్' అనే పలుకు కోసమే, తాగుబోతు కోసం కాదు. సుమారు 1,900 ఏళ్ల కింద షూ షెన్ అనే పండితుడు 9,353 అక్షరాలను 540 శీర్షికల కింద వివరిస్తూ ఒక నిఘంటువు రాశాడు. ఓడ అక్షరంలో పడవ అర్థానికని, మిగతాది సీసం అక్షరం నుంచి పలుకు కోసం తీసుకున్నదని ఆయన అప్పుడే రాసి పెట్టాడు. ఇంకా పాతవి, ఎముకల మీద చెక్కిన రాతలున్నాయి కదా, వాటిలో పడవకు అచ్చం పడవ బొమ్మలాంటి వేరే చిన్న అక్షరం ఉంది. అందులో ఎనిమిదీ లేదు, నోరూ లేదు.

నీతి అనే అక్షరంలో 'నేను' పైన గొర్రెపిల్ల ఉంటుందని కూడా ఆ వాట్సాప్‌లో ఉంది. అదృష్టం, అది నేను ప్రసంగంలో చెప్పలేదు. 1950లలో చైనా ప్రభుత్వం అక్షరాలను సులభం చేయడం మొదలుపెట్టాక, ఇప్పుడక్కడి పిల్లలు నీతికి మూడే గీతలు గీస్తున్నారు. ఇంటూ గుర్తు, పైన ఒక చుక్క. గొర్రెపిల్ల లేదు. మన రక్షణ ఆ అక్షరం మీద ఆధారపడి ఉంటే ఏమయ్యేది?

కథలు కట్టుకోవడం తప్పని నేననడం లేదు. మనం అక్షరాలు నేర్చుకుంది ఎలా? అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. క కు గుడి ఇస్తే కి, కొమ్ము ఇస్తే కు. గుడి, కొమ్ము, తలకట్టు, అన్నీ బొమ్మలే. కానీ 'కి' మీద గుడి ఉంది కాబట్టి తెలుగు అక్షరాలను పూజారులు చేశారని ఎవరైనా అంటే నవ్వుతాం కదా. మన భాష గనక నవ్వుతాం. తెలియని భాష గనక హల్లెలూయా అన్నాం.

బైబిల్లో కూడా జ్ఞాపకానికి ఊతం ఇచ్చే పద్ధతులున్నాయి. 119వ కీర్తన తెరిస్తే మధ్యమధ్యలో ఆలెఫ్, బేత్ అని కనిపిస్తాయి. అవి హెబ్రీ అక్షరాలు, 22. ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. ఆ ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. కంఠతా పట్టేవాడికి అదొక చేతికర్ర. (ఇక్కడా ఎనిమిదే, దీనికి కూడా ఎవరైనా వాట్సాప్ తయారు చేస్తారేమో.) చైనాకే వెళ్లిన మత్తయి రిచ్చి అనే క్యాథలిక్ ఫాదర్ 1596లో అక్కడి గవర్నరు కొడుకుల కోసం జ్ఞాపకశక్తి మీద చైనీస్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. మనసులో ఒక భవనం కట్టుకుని గదిగదికీ ఒక బొమ్మ పెట్టుకోమన్నాడు. ఈ పద్ధతి వాడాలంటే ముందే మంచి జ్ఞాపకశక్తి ఉండాలని గవర్నరు పెద్ద కొడుకు అన్నాడట! ఏదేమైనా ఆ బొమ్మలు మనం పెట్టుకున్నవేనని ఆయన దాచలేదు.

మనం మందిరానికి స్లాబ్ వేసినప్పుడు సెంట్రింగ్ కొట్టాం. కాంక్రీటు గట్టిపడ్డాక ఊడదీశాం. అది లేకపోతే స్లాబ్ నిలవదు, నిజమే. కానీ ఆ కర్రలనే స్తంభాలనుకుని వదిలేస్తే కింద ఎవరు కూర్చుంటారు? నేను చేసింది అలాంటి పనే. ఇంకో సంగతి, తమ్ముడు తన సంత కథను నమ్ముకుని ఒకసారి ఊపిరితిత్తికి నిజంగా సంత అక్షరమే రాసేశాడట. ఒక గీత ఎక్కువైంది, టీచరు సున్నా చుట్టారు.

ఇది రాస్తానని చెబితే మన పెద్దల్లో ఒకాయన, "ఎందుకండీ అయ్యగారూ, ఆ కథ విని విశ్వాసం బలపడినవాళ్లు ఉన్నారు కదా, ఇప్పుడు కదిలించడం దేనికి?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఆ కథతో ఎవరికీ నష్టం లేదని నేనూ కొన్ని రోజులు అనుకున్నాను. కానీ యోబు 13వ అధ్యాయంలో యోబు తన స్నేహితులను నిలదీసింది దీని గురించే. దేవుణ్ణి గెలిపించాలని ఆయన తరఫున లేనిది పలుకుతారా అని. అబద్ధ సాక్ష్యం కూడదన్న ఆజ్ఞలో, దేవుని కోసమైతే పర్వాలేదని మినహాయింపు లేదు. పైగా మన పిల్లలు విజయవాడలోనో, హైదరాబాదులోనో, చైనాలోనో చదువుతున్నారు. రెండు నిమిషాల్లో ఫోన్‌లో వెతుకుతారు. ఓడ అక్షరం గురించి అయ్యగారు చెప్పింది తప్పని తేలితే, ఖాళీ సమాధి గురించి అదే నోటితో చెప్పింది ఎలా నమ్మాలి? ఈ తమ్ముడు మూడేళ్లు ఆ ప్రశ్నతోనే ఉన్నాడట. నన్ను అడగడానికి మొహమాటపడ్డాడు. ఆ మూడేళ్లే నన్ను నిద్రపోనివ్వలేదు.

పోయిన ఆదివారం అదే బోర్డు మళ్లీ తెప్పించి, అదే అక్షరం గీసి, నేను చెప్పింది రుజువు కాదని, కట్టుకున్న కథని చెప్పాను. ఈసారి ఎవరూ హల్లెలూయా అనలేదు. ఆరాధన అయ్యాక తమ్ముడు వచ్చి, "ఓడ అక్షరం మాత్రం నేను మీ ఎనిమిది నోళ్లతోనే రాస్తానండి, ఇప్పుడు మార్చుకోలేను" అన్నాడు. రాసుకోమన్నాను.

వెనక వరసలో కూర్చునే ఒక మామ్మగారు కర్ర పట్టుకుని మెల్లగా నా దగ్గరకు వచ్చింది. "అయితే అయ్యా, ఓడలో ఎనిమిది మంది ఉన్నారా, లేరా?" అని అడిగింది.

"ఉన్నారు మామ్మా. మొదటి పేతురు 3వ అధ్యాయం 20వ వచనం" అన్నాను.

"మరి దానికి బోర్డెందుకు?" అనేసి చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.