జనాభా శాస్త్రానికి పొరుగు తోడు: పుదుచ్చేరి నేర్పుతున్న పాఠం

పుదుచ్చేరి: సముద్రతీరానికి చేరువలో, సెయింట్ లూయీ వీధిలో ఉన్న ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పేరు చెప్పగానే శైవాగమ తాళపత్రాలు, పడమటి కనుమల అడవుల పటాలు గుర్తుకు వస్తాయి. ఫ్రెంచి పాలిత ప్రాంతాలు భారత్‌కు బదిలీ అయిన మరుసటి ఏడాది, 1955లో ఏర్పడిన ఈ సంస్థకు అంతగా ప్రచారంలోకి రాని మరో కోణం ఉంది. దక్షిణ భారతంలో జననాల రేటు ఎక్కడ, ఎలా తగ్గుతూ వచ్చిందో పటాలపై గుర్తించిన పరిశోధనకు 1990ల చివర ఇది కేంద్రంగా నిలిచింది.

ఆ పరిశోధనకు నాయకత్వం వహించిన ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త క్రిస్టోఫ్ గిల్‌మోటో, తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌కు చెందిన ఎస్.ఇరుదయ రాజన్‌తో కలిసి పనిచేశారు. జనన నమోదు అరకొరగా ఉన్న కాలానికి సంబంధించి జననాల రేటును లెక్కించడం సులభం కాదు. అందువల్ల జనగణనలో నమోదైన చిన్నపిల్లల సంఖ్యను, ప్రసవ వయసులోని స్త్రీల సంఖ్యతో పోల్చే పద్ధతిని వారు ఎంచుకున్నారు. జిల్లాల స్థాయిలో 1951 నుంచి మార్పులను పరిశీలించారు. దక్షిణాదిలో తీరప్రాంతాల్లో ముందుగా మొదలైన తగ్గుదల క్రమంగా లోపలి ప్రాంతాలకు పాకినట్లు తేలింది. చదువు, ఆదాయం వంటి కారణాలతో పాటు ఇరుగుపొరుగు ప్రాంతాల ప్రభావం కూడా కుటుంబ పరిమాణాన్ని నిర్ణయిస్తుందన్నది ఈ అధ్యయనాల సారాంశం. వీరి సంపాదకత్వంలో దక్షిణ భారత జననరేటు పరిణామంపై 2005లో ఒక గ్రంథం కూడా వెలువడింది.

ఇటువంటి సూక్ష్మ పరిశీలన ఎందుకు అవసరమో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమే చెబుతుంది. 2011 జనగణన ప్రకారం దీని జనాభా 12,47,953. అంతకుముందు పదేళ్లలో పెరుగుదల 28 శాతం. కాకినాడ సమీపంలోని తెలుగు ప్రాంతమైన యానాంలో జనాభా అదే కాలంలో సుమారు 31 వేల నుంచి 55 వేలకు, అంటే 77 శాతం మేర పెరిగింది. ఒక దశాబ్దంలో ఇంతటి పెరుగుదల జననాల వల్ల సాధ్యం కాదు. వలసే దానికి ప్రధాన కారణమై ఉండాలి. మరోవైపు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పుదుచ్చేరిలో స్త్రీకి సగటు సంతానం 1.5గా నమోదైంది. ఒక తరాన్ని మరో తరం భర్తీ చేయడానికి కావలసిన స్థాయి 2.1. జననాలు తగ్గుతున్న చోటే జనం పెరుగుతున్నారన్నమాట. మొత్తం అంకెను మాత్రమే చూసి పాఠశాలలు, ఆసుపత్రులు కేటాయించే అధికారి పొరబడక తప్పదు.

ఈ విద్యలో దేశానికి పునాది పడింది కూడా అంతర్జాతీయ సహకారంతోనే. 1956లో ఐక్యరాజ్య సమితి, భారత ప్రభుత్వం, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు కలిసి ముంబయిలో ఒక శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పాయి. అదే నేటి అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ. అది భారత్‌కు పరిమితం కాకుండా ఆసియా, పసిఫిక్ దేశాల గణాంక అధికారులకు, పరిశోధకులకు ప్రాంతీయ శిక్షణ కేంద్రంగా రూపొందింది. 1992-93 నుంచి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలను నిర్వహిస్తున్నదీ ఈ సంస్థే. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం సహా పలుచోట్ల కేంద్ర ఆరోగ్య శాఖ నిధులతో జనాభా పరిశోధన కేంద్రాలు పనిచేస్తున్నాయి.

అయితే నేర్పడంలో చూపిన శ్రద్ధ నేర్చుకోవడంలో కనిపించదు. 2021 నేపాల్ జనగణనలో విదేశాల్లో ఉన్న కుటుంబ సభ్యుల వివరాలను ఇంటింటా అడిగారు. దాదాపు 22 లక్షల మంది దేశం వెలుపల ఉన్నట్లు తేలింది. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు ఏళ్ల తరబడి వలసలు సాగుతున్నా, 2011 భారత జనగణనలో అలాంటి ప్రశ్న లేదు. కేరళ ఆ లోటును 1998 నుంచి ప్రత్యేక సర్వేలతో పూడ్చుకుంటోంది. 2022లో తొలి డిజిటల్ జనగణన జరిపిన బంగ్లాదేశ్, లెక్కలో ఎంతమంది తప్పిపోయారో తేల్చే బాధ్యతను గణాంక శాఖకు కాక అభివృద్ధి అధ్యయన సంస్థకు అప్పగించింది. సుమారు 2.75 శాతం మంది లెక్కకు అందలేదని తేలడంతో జనాభా అంకెను సవరించింది. భారత్‌లో ఆ తనిఖీని సైతం జనగణన కార్యాలయమే చేసుకుంటుంది. వృద్ధుల సంఖ్య విషయంలో శ్రీలంక ముందే ఉంది. అక్కడ 2012 నాటికే అరవై ఏళ్లు దాటినవారు 12 శాతాన్ని మించారు. కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌లు నేడు ఎదుర్కొంటున్న పింఛన్ల, సంరక్షణ సమస్యలకు కొలంబో అనుభవం పారిస్ అనుభవం కంటే దగ్గరిది.

పొరుగు దేశాల అవసరం కూడా ఇప్పుడు తీవ్రమైంది. నేపాల్, బంగ్లాదేశ్‌ల జనాభా, ఆరోగ్య సర్వేలు దశాబ్దాలుగా అమెరికా నిధులతో నడిచే కార్యక్రమంపై ఆధారపడ్డాయి. 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. నమూనా ఎంపిక, ప్రశ్నావళి రూపకల్పన, దోషాల సవరణ వంటి పనుల్లో మూడు దశాబ్దాల అనుభవమున్న ముంబయి సంస్థ ఆ ఖాళీని కొంతైనా భర్తీ చేయగలదు. దానికి రాజకీయ వేదిక మాత్రం కొరవడింది. సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 తర్వాత జరగనే లేదు. ఫ్రాన్స్‌తో కలిసి దక్షిణాది జిల్లాల పటాలు గీయగలిగిన దేశంలో, పాక్ జలసంధికి ఆవలి తీరంతో అలాంటి ఉమ్మడి పటం లేకపోవడం విచిత్రమే.

దేశంలో తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. పదహారేళ్ల విరామం తర్వాత వచ్చే ఈ లెక్కపై నియోజకవర్గాల పునర్విభజన ఆధారపడి ఉంది. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తొలగించింది. ఒకనాడు కుటుంబ నియంత్రణకు ప్రోత్సాహకాలు లెక్కించిన రాష్ట్రమే నేడు జననాలు పెరగాలని కోరుకుంటోంది. అలాంటి విధానాలు ఫలిస్తున్నాయా లేదా అన్నది మండలాల స్థాయిలో, ఏళ్ల తరబడి కొలిచి చెప్పగల నిపుణులు కావాలి. ఒక జనాభా శాస్త్రవేత్త తయారు కావడానికి కనీసం ఆరేడేళ్లు పడుతుంది; 2027 లెక్కలను విశ్లేషించవలసినవారి శిక్షణ ఈపాటికే మొదలై ఉండాలి.