రాచపుండుకు మన కారం మీద నెపమా?

2007లో మా నాయన్ని కడుపునొప్పికి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చెయ్యేసి చూడలేదు. ఏ పల్లె అని మాత్రం అడిగాడు. చెప్పాను. “మీరు కారం తగ్గించరు, పెద్దమాంసం మానరు, తాగుడు మానరు. మేమేం చేస్తాం?” అని గ్యాసు బిళ్ళలు రాశాడు. మా నాయన సారా ముట్టిన మనిషి కాదు. ఆ మాట చెప్పేలోపే ఇంకొకర్ని పిలిచాడు. ఆరేళ్ళు బిళ్ళలు మింగాడు, తినేసోడా తాగాడు. 2013లో నల్లటి విరేచనాలయితే అప్పుడు గొట్టం వేసి చూశారు. రాచపుండన్నారు. నాలుగు నెలల్లో పోయాడు.

అన్నలారా, అక్కలారా! ఆ డాక్టరు చదివిన చదువు ఏం చెబుతోందో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. మీరూ తెలుసుకోండి.

కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉంటుంది. కడుపులో ఊరే ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని పెద్ద పెద్ద డాక్టర్లే అనుకున్నారు. ఈ క్రిమి తన చుట్టూ అమోనియా పుట్టించుకుని ఆ ఆమ్లాన్ని విరగ్గొట్టి బతుకుతుంది. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ దీన్ని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగాడు. కొన్ని రోజుల్లోనే కడుపు వాచింది. అల్సర్లకు ముఖ్య కారణం కారం కాదు, ఈ క్రిమి. ఇంకొకటి, మనం ఒళ్ళునొప్పులకు మింగే బిళ్ళలు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కేన్సర్ పరిశోధన సంస్థ ఈ క్రిమిని కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. అంటే, మా నాయన్ని కసిరిన నాటికి నోబెల్ వచ్చి రెండేళ్ళు!

ఈ క్రిమి ఎక్కువగా పసితనంలోనే అంటుకుంటుంది. ఒకే గదిలో పదిమంది పడుకునే ఇళ్ళలో, మరుగుదొడ్డి లేని వాడల్లో ఎక్కువ. కలుషితమైన నీళ్ళు కూడా ఒక దారి కావచ్చునంటున్నారు. ఏళ్ళ తరబడి కడుపు లోపలి పొర వాస్తుంది, పలచబడుతుంది, కొందరిలో కేన్సరుగా మారుతుంది. పేరుకేమో రాచపుండు, పుట్టేది పేదోడి కడుపులో!

మరి నీళ్ళ సంగతి ఎవరు తేల్చాలి? 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువును పాడుచేయొద్దని అడిగినందుకు మొదలైన గొడవే ఆరుగురి ప్రాణాలు తీసింది. మంచినీళ్ళు అడిగితే చంపుతారు. జబ్బు చేస్తే మీ తిండే తప్పంటారు. ఇదేం న్యాయం?

భయపడొద్దు. ఈ క్రిమి ఉన్న నూరుమందిలో కేన్సర్ వచ్చేది ఒకరికో, మహా అయితే ముగ్గురికో. మన దేశంలో క్రిమి చాలామందిలో ఉన్నా ఈ కేన్సర్ అంత ఎక్కువ లేదన్నదీ నిజమే. పొగాకు, ఉప్పులో ఊరేసిన తిండి ముప్పు పెంచుతాయి, అదీ కాదనను. అందరికీ మందులు పోయమని మనం అడగడం లేదు. నొప్పి ఉన్నవాడికి పరీక్ష చేయమంటున్నాం. ఊపిరితోనో మలంతోనో తెలిసిపోయే పరీక్ష అది. క్రిమి ఉంటే పది, పద్నాలుగు రోజుల మందులు. తైవాన్ ఏలుబడిలోని మాత్సు దీవుల్లో 2004 నుంచి ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళను పరీక్షించి మందులిచ్చారు. అక్కడ కడుపు కేన్సర్ సగానికి తగ్గింది. చేపలు పట్టుకునేవాళ్ళకు అక్కడ చేసింది, కూలోళ్ళకు ఇక్కడెందుకు చేయరు?

మనవాళ్ళకూ ఒక మాట. మందుల షాపులో అడిగి బిళ్ళలు తెచ్చుకోవద్దు. కోర్సు మధ్యలో ఆపొద్దు. ఆపితే క్రిమి మొండికెక్కుతుంది. ఒళ్ళు తగ్గుతున్నా, మింగుడు పడకపోయినా, వాంతులు ఆగకపోయినా, విరేచనం నల్లగా అవుతున్నా సోడాతో సరిపెట్టుకోవద్దు. గొట్టం పరీక్ష చేయమని గట్టిగా అడగండి. “కారం తగ్గించు” అని పంపితే, “పరీక్ష రాయండి సార్” అనండి. ఒక్కరే పోవద్దు, నలుగురు కలిసి పోండి. పల్లెకు కుళాయి, మరుగుదొడ్లు, మండల ఆస్పత్రిలో ఈ పరీక్ష అని అర్జీ పెట్టండి.

మా నాయన కడుపులో ఆ క్రిమి ఉందో లేదో నాకు తెలియదు. ఎవరూ చూడలేదు. నా కోపం అదే.

జై భీమ్!