బర్రె మీద కొంగ

కొత్తగా కెమెరా కొన్న ప్రతివాడినీ నేనొక్కటే అడుగుతాను: బర్రె మీద వాలిన కొంగను తీశావా? తీశానంటాడు. చూపించమంటాను. బర్రె బూడిదలో పొర్లి లేచినట్టుంటుంది. కొంగ ఉండాల్సిన చోట సున్నం చల్లిన మరక ఒకటి. ఈకలేవి తమ్మీ, ముక్కేది? "కెమెరానే అట్ల తీసిందన్నా" అంటాడు. అదిగో, ఆ మాటకే నాకు ఒళ్లు మండుతుంది. నలభై వేలు పోసి కొన్నది నువ్వు, చెరువు గట్టున బురదలో నిలబడ్డది నువ్వు, తీసింది మాత్రం కెమెరానా?

మెదక్‌లో ఇప్పుడు గల్లీకో డీఎస్ఎల్ఆర్ ఉంది. ఏడుపాయల జాతరకు పోతే మెడలో దండ ఉన్నవాడికంటే కెమెరా ఉన్నవాడే ఎక్కువ కనిపిస్తాడు. కానీ కెమెరా నెత్తిన ఉండే ఆ గుండ్రటి డయల్‌ను చూడండి. షాపువాడు ఏ గుర్తు మీద పెట్టి ఇచ్చాడో అక్కడే, ఆ పచ్చ ఆటో మీదే, తుప్పు పట్టినట్టు ఆగిపోయి ఉంటుంది. ట్రాక్టరు కొని దానికి ఎడ్లు కట్టి లాగిస్తే ఊరంతా నవ్వదా? ఇక్కడ మాత్రం ఎవడూ నవ్వడు, లైకులు కొడతాడు.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు బర్రె తెలియదు, కొంగ తెలియదు. దానికి తెలిసిందల్లా నలుపుకూ తెలుపుకూ నడుమ ఉండే బూడిద. ఏం చూపించినా దాన్ని ఆ బూడిదకు ఈడ్చుకురావడమే దాని కొలువు. ఫ్రేము నిండా బర్రె ఉంటే చీకటి పడిందనుకొని వెలుతురు ఎక్కువ మింగుతుంది. బర్రె తెల్లబారుతుంది, కొంగ కాలిపోతుంది. తెల్ల ధోతి, తెల్ల రుమాలు కట్టిన తాతను తీస్తే ఉల్టా. వెలుగు ఎక్కువైందని తగ్గిస్తుంది, తాత ముఖం మసిబారుతుంది. దీనికి మందు చిన్నది. ప్లస్సూ మైనస్సూ గీసిన బటన్ ఒకటుంటుంది. బర్రెకు ఒక మైనస్, తాతకు ఒక ప్లస్. మొదలుపెట్టేవాడి సగం చదువు అదే. మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఆటో మీద ఉన్నంతసేపు ఆ బటన్ నొక్కినా పలకదు. నోరు కట్టేసిన కెమెరాను మోసుకుంటూ తిరుగుతున్నావు నువ్వు.

మసిబారిన ముఖానికి మనవాళ్లు కనిపెట్టిన మందు వేరే ఉంది: సాఫ్ట్‌వేర్‌తో తెల్లగా రుద్దేయడం. పెళ్లికూతురిని రుద్దుతారు, పెళ్లికొడుకును రుద్దుతారు, ఎండలో నలభై ఏళ్లు నాట్లు వేసిన తల్లి ముఖాన్ని కూడా పిండిబొమ్మలా చేసి ఆల్బంలో అతికిస్తారు. ఆమె ముడతలు ఏం పాపం చేశాయి? వెలుతురు కొలవడం చేతకానితనాన్ని అందం అనే పేరుతో అమ్ముతున్నారు. మనం డబ్బు కట్టి కొంటున్నాం. ఇది నాకు ఫోటోగ్రఫీ గొడవలా అనిపించదు. మన రంగును మనమే తప్పు దిద్దినట్టు దిద్దుకోవడం ఇది.

నేనూ తక్కువ తినలేదు. నా మొదటి కెమెరా కొన్ననాడు షాపువాడు (పేరెందుకు, అందరూ అతని చుట్టాలే) ఒక బ్యాగు, గాలికి ఊగే స్టాండు, యూవీ ఫిల్టరు, లెన్సు ముందు బిగించుకునే ఒక "వైడ్" గాజుముక్క అంటగట్టాడు. కెమెరా ఎలా వాడాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆ నెలలోనే చిన్నమ్మ కొడుకు పెళ్లి. ఆటోలో పెట్టి తీశాను. ఫ్లాష్ తనంతట తనే లేచింది. ముందు వరుస వాళ్లు సుద్దబొమ్మలు, వెనక మండపం అమావాస్య. కెమెరా మీది ఆ బుడ్డ ఫ్లాష్ వెలుగు నాలుగు వరుసలు దాటదని అప్పుడు నాకెవరు చెప్పారు? చిన్నమ్మ ఇప్పటికీ ఆ ఆల్బం తీస్తే నా వైపు చూడదు.

ఇక "ఎన్ని మెగాపిక్సెల్సే?" అని అడిగేవాళ్ల గోల. పెళ్లిళ్ల కరిజ్మా ఆల్బంలో 12 అంగుళాలకు 18 అంగుళాల పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా అచ్చు వేయడానికి రెండు కోట్ల పిక్సెళ్లు కూడా పట్టవు. ఈ మధ్య ఏళ్ల మామూలు డీఎస్ఎల్ఆర్‌లో 24 మెగాపిక్సెళ్లు, అంటే రెండు కోట్ల నలభై లక్షలున్నాయి. చాలదా? నువ్వు తీసింది చూసేది అరచేతిలో ఫోన్ మీదనే కదా!

"డీఎస్ఎల్ఆర్ చచ్చిపోయిందన్నా, మిర్రర్‌లెస్ తీసుకోవాలె" అనేది మరో పాట. ఆ డీఎస్ఎల్ఆర్ పుట్టుక చూడు. 1991లో కొడాక్ కంపెనీ నికాన్ ఎఫ్3 ఒంట్లో డిజిటల్ గుండె పెట్టి అమ్మింది. దాంట్లో ఉన్నవి పదమూడు లక్షల పిక్సెళ్లే. 2003లో కేనన్ 300డీ ధర వెయ్యి డాలర్ల కిందికి దిగాకే మామూలు మనిషి డీఎస్ఎల్ఆర్‌ను ముట్టుకోగలిగాడు. ఇప్పుడు కంపెనీలు అద్దం లేని కెమెరాల వైపు తిరిగిన మాట నిజమే. దాంతో పాత డీఎస్ఎల్ఆర్ చావలేదు, చవకైంది. మెదక్ పిల్లవాడికి ఇంతకంటే మంచి కబురు ఉందా? సెకండ్‌హ్యాండ్‌ది తీసుకో. కిలోమీటర్లు అడగకుండా పాత బండి కొనవు కదా, షట్టర్ ఎన్నిసార్లు పడిందో అలాగే అడుగు. మిగిలిన డబ్బుతో 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు కొను. కెమెరాతో వచ్చే 18-55 లెన్సును చివరిదాకా లాగితే ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. ఈ 50, దానికి తొమ్మిది పది రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. ఈఎంఐలో మూడు లెన్సులు కొన్నవాడిని నేను నమ్మను.

డయల్‌ను ఎం (మాన్యువల్) మీదికి తిప్పు. భయం దేనికి? మీ నాయనకు ఇది కెమెరా లేకుండానే తెలుసు. తూము ఎంత ఎత్తాలి, ఎంతసేపు ఎత్తి ఉంచాలి, పొలానికి ఆయన చేసే లెక్కే ఇది. తూము రంధ్రం అపర్చర్, ఎత్తి ఉంచిన సేపు షట్టర్. ఐఎస్ఓ మాత్రం మైకు గొంతు లాంటిది. పెంచేకొద్దీ మాటతోపాటు గురగుర కూడా పెరుగుతుంది. నడినెత్తిన ఎండ ఉంటే ఐఎస్ఓ 100, ఎఫ్/16, సెకనులో నూరో వంతు. రీళ్ల కాలం నుంచి ఉన్న లెక్క, మన వేసవికి అచ్చంగా సరిపోతుంది.

ఆటో లేకుండా ఎలా అంటావా? నిజాం రాజ్యంలో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద బొమ్మలు తీశాడు. కెమెరా వెనక తెర లేదు, తీసింది చూసుకునే దిక్కు లేదు, ఆటో అసలే లేదు. ఎండను కంటితో కొలిచి నిర్ణయించాడు. ఆయన పోయింది 1905లో. బొమ్మలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. 2022లో మనల్ని వదిలిపోయిన ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లెనూ బతుకమ్మనూ ఏళ్ల తరబడి తీస్తూ పోయాడు. ఆయన బొమ్మల్లో మనుషులు మన రంగులోనే ఉంటారు.

బడి కావాలంటే ఊళ్లోనే ఉంది, ఖిల్లా ఉంది, దగ్గర్లో పోచారం అడవి ఉంది. అన్నిటికంటే మించి చర్చి ఉంది. కరువు కాలంలో మిషనరీ పోస్నెట్ దొర పనిచ్చి అన్నం పెట్టి కట్టించిన గుడి. 1924 డిసెంబర్ 25న తెరిచారు. 175 అడుగుల గోపురం కింద నిలబడి కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలుతుంది. కాబట్టి ఎత్తకు, దూరం నడువు. రంగు గాజుల కిటికీలు బయటి నుంచి చూస్తే మామూలు మసక గాజులు. లోపలికి పోయి ఎండ వాటి మీద పడ్డ వేళ చూస్తే మండుతుంటాయి. ఆటోకు ఆ చీకటి గుడి కనిపిస్తుంది, గాజు కనిపించదు. వెలుగు పెంచి కిటికీని తెల్ల గుడ్డ చేసేస్తుంది. గాజు వెలుతురునే కొలువు, గోడలు నల్లబడితే నల్లబడనీ. లోపల తీయాలంటే ముందు అడుగు. వద్దంటే కెమెరా దించి కళ్లతో చూడు.

వచ్చే ఆదివారం ఎండ ఎక్కాక ఊరి చెరువుకు పో, బర్రెలు నీళ్లలో దిగి ఉంటాయి. వంద ఫోటోలు పాడైతే కానీ. రీలు కడిగించే ఖర్చు లేదు. నాకు కొంగ ఈకలతో సహా తెల్లగా, బర్రె బర్రెలా నల్లగా వచ్చింది మూడు వందల పన్నెండో ఫోటోలో.