యూనిఫారానికి సోదా అవమానమా?

ఈ వారం లేఖను ఢిల్లీ నుంచి గాక ఆదిత్యపూర్ నుంచి రాస్తున్నాను. ఖర్కై నదికి ఒక ఒడ్డున జంషెడ్‌పూర్, ఆవలి ఒడ్డున ఆదిత్యపూర్. అక్కడ టాటావారి ఉక్కు కర్మాగారం. ఇక్కడ మోటారు వాహనాలకు విడిభాగాలు తయారుచేసే చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తరాల క్రితం పనికోసం వచ్చి ఈ పారిశ్రామిక ప్రాంతంలోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. సాయంత్రం షిఫ్టు ముగిసే వేళ ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు ఎదుట పది నిమిషాలు నిలబడితే చాలు, ఒక దృశ్యం కంటబడుతుంది. కార్మికులు వరుసలో నిలబడతారు. కావలివారు వారి జేబులు తడిమి, టిఫిన్ కారియర్ మూత తీయించి చూసి పంపుతారు. ఆ వెనుకనే వచ్చిన అధికారి కారుకు సలాము చేసి గేటు బార్లా తెరుస్తారు. టిఫిన్ కారియర్‌లో పట్టే ఇనుము కంటె కారులో పట్టే ఇనుము ఎక్కువన్న సంగతి కావలివారికి తెలియనిది కాదు.

ఈ గేటుకూ, రాజధానిలో పౌర విమానయాన శాఖ చుట్టూ చాలాకాలంగా నలుగుతున్న ఒక వివాదానికీ దగ్గరి సంబంధం ఉన్నది. విమానం నడిపే పైలట్లను, విమాన పరిచారికలను ప్రయాణికులవలె సోదా చేయడం అవసరమా అన్నదే ఆ వివాదం. నేడు దేశంలోని ముఖ్య విమానాశ్రయాలలో ఈ సోదా బాధ్యత వహిస్తున్నది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. పేరే చెబుతున్నట్లు, 1969లో ఆ దళం ఏర్పడింది ప్రభుత్వరంగ కర్మాగారాల కాపలాకు. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని కాందహార్‌కు మళ్ళించిన దుర్ఘటన తరువాత, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో ప్రారంభించి విమానాశ్రయాలను ఒక్కొక్కటిగా దానికి అప్పగించారు. అంటే ఫ్యాక్టరీ గేటు నడిచి విమానాశ్రయానికి వచ్చిందన్నమాట. దానితోపాటు ఫ్యాక్టరీ గేటు ప్రశ్న కూడా వచ్చింది: ఎవరిని ఆపవలె, ఎవరిని వదలవలె?

మన దేశంలో విమాన భద్రతా నిబంధనలు ఒక్కొక్క ఉపద్రవం వెనుక ఒక్కొక్కటిగా పుట్టినవే. 1976 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి బయలుదేరిన బోయింగ్ విమానాన్ని లాహోరుకు మళ్ళించారు. అటుపిమ్మట పాండే కమిటీ సిఫార్సుపై 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా విభాగం ఏర్పడింది. 1985 జూన్‌లో కనిష్క విమానం పేలిపోయి 329 మంది మరణించారు. 1987 ఏప్రిల్‌లో ఆ విభాగం స్వతంత్ర బ్యూరో అయింది. ఆ బ్యూరో నిబంధనల ప్రకారం పైలట్లకు, ఇతర విమాన సిబ్బందికి సోదా నుంచి మినహాయింపు లేదు. ప్రయాణికులు కాని వారిని సైతం తనిఖీ చేయవలెనని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒడంబడికలోని 17వ అనుబంధం కూడా నిర్దేశిస్తున్నది.

పైలట్ల వాదనను తేలికగా తోసివేయరాదు. రెండువందల ప్రాణాలను తన చేతిలో పెట్టిన ప్రభుత్వమే తన సంచిలో గోళ్ళు తీసుకునే కత్తెర కోసం వెదకడం హాస్యాస్పదమని పైలటు అంటాడు. కాక్‌పిట్‌లో, అగ్నిప్రమాదం సంభవిస్తే వాడేందుకు, చట్టబద్ధంగానే ఒక గొడ్డలి ఉంటుంది. అన్నిటినీ మించి, విమానాన్ని కొండకు ఢీకొట్టదలచిన వానికి ఆయుధమే అవసరం లేదు. విమానమే అతని చేతిలో ఉన్నది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని సహపైలటు ఆల్ప్స్ పర్వతాలలో కూల్చివేసినప్పుడు 150 మంది మరణించారు. ఆనాడు అతని జేబులు ఎంత తడిమినా దొరికేది ఏమీ లేదు. ఈ వాదనలో తర్కం ఉన్నది. అయితే అది సగం తర్కమే.

సోదా గేటు దగ్గర ఉన్న జవానుకు పైలటు మనసు తెలియదు. పైలటు ముఖం కూడా తెలియదు. అతనికి తెలిసేది యూనిఫారం, మెడలోని గుర్తింపు కార్డు మాత్రమే. ఆ దుస్తులలో ఉన్నవాడు నిజంగా పైలటేనా, నిన్న ఉద్యోగం పోయినవాడా, కార్డు దొంగిలించినవాడా అన్నది దుస్తులు చెప్పవు. 1987 డిసెంబరు 7న అమెరికాలో, కాలిఫోర్నియాలో జరిగినది ఇదే. ఉద్యోగం నుంచి తొలగించబడిన ఒక విమాన సంస్థ ఉద్యోగి తిరిగి అప్పగించని గుర్తింపు కార్డు చూపి, తనిఖీ లేకుండానే రివాల్వరుతో విమానం ఎక్కాడు. గగనతలంలో కాల్పులు జరిపాడు. పసిఫిక్ సౌత్‌వెస్ట్ సంస్థకు చెందిన ఆ విమానం కూలి, అందులోని 43 మందీ మరణించారు. సిబ్బందిని కూడా సోదా చేయవలెనన్న కఠిన నియమం అమెరికాలో ఆ చితుల మీదనే వచ్చింది.

అదే అమెరికాలో 2011 నుంచి మళ్ళీ సడలింపు మొదలయింది. గుర్తింపు కలిగిన సిబ్బంది జాబితాలో పేరున్నదని యంత్రం చెబితే వారిని ప్రత్యేక ద్వారం గుండా, సాధారణ సోదా లేకుండా పంపే పద్ధతి ఏర్పడింది. పైలట్లు దీనిని తమ గౌరవానికి దక్కిన విజయంగా భావించారు. 2024లో ఇద్దరు భద్రతా పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. చిన్న విమాన సంస్థలు వాడే ఒక కంప్యూటరు వ్యవస్థలోని లోపం వల్ల, బయటివారెవరైనా తమకు నచ్చిన పేరును ఆ జాబితాలో చేర్చగలిగే స్థితి ఉన్నదని వారు చూపారు. తాము ఆ ఒక్క జాబితాపైనే ఆధారపడమని అక్కడి రవాణా భద్రతా సంస్థ వివరణ ఇచ్చుకున్నది, లోపాన్ని సరిదిద్దారు. అయినా నీతి స్పష్టమే. మినహాయింపు మంచివాని కోసం తెరచిన తలుపే కావచ్చు. ఆ తలుపు ఎవరు తట్టినా తెరుచుకుంటుంది.

కనుక పైలటును సోదా చేయడం పైలటును శంకించడం కాదు, అతని దుస్తులను మరొకరు వాడుకోకుండా కాపాడడం. ఈ మాట చెప్పే నైతికాధికారం మన ప్రభుత్వానికి పూర్తిగా ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. మన విమానాశ్రయాలలో సోదా నుంచి మినహాయించబడిన ప్రముఖుల జాబితా ఒకటి బోర్డుగా వేలాడుతుండేది. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, కేంద్ర మంత్రులు మొదలుకొని అది చాలా పొడవైనది. ఏ రాజ్యాంగ పదవీ లేని ఒక వ్యక్తి పేరు సైతం 2015 వరకు అందులో కొనసాగింది. పదవిని బట్టి నమ్మకం, నమ్మకాన్ని బట్టి మినహాయింపు అన్న సూత్రాన్ని పాలకులు తమ విషయంలో అంగీకరించి, విమానం నడిపేవాని విషయంలో నిరాకరిస్తే, అతనికి అది భద్రతగా కనిపించదు, హోదా భేదంగా కనిపిస్తుంది. ఆదిత్యపూర్ కార్మికుడు అధికారి కారును చూసి అనుకునేది కూడా అదే.

ఇక అసలు విషయం. సోదా యంత్రం చూడలేని అపాయాలపై మన శ్రద్ధ ఏపాటిది? జంషెడ్‌పూర్‌లోని సోనారి విమానాశ్రయం టాటా ఉక్కు సంస్థది. 2024 ఆగస్టు 20న అక్కడి నుంచి ఎగిరిన సెస్నా 152 శిక్షణ విమానం కొద్దిసేపటికే ఆచూకీ లేకుండా పోయింది. శిక్షకుడు, శిక్షణ పొందుతున్న యువకుడు, ఇద్దరే అందులో ఉన్నారు. ఆదిత్యపూర్ ఉన్న సరాయికెలా జిల్లాలోనిదే అయిన చాండిల్ జలాశయంలో అది కూలినట్లు తేలింది. వెదకడానికి విశాఖపట్నం నుంచి నౌకాదళ గజ ఈతగాళ్ళు రావలసి వచ్చింది. రెండు రోజుల తరువాత ఇద్దరి మృతదేహాలూ నీటిలో లభించాయి. ఆ ప్రమాదాన్ని ఏ జేబు సోదా ఆపగలిగి ఉండేది కాదు. విమానం స్థితి, శిక్షణ నాణ్యత, పైలటు అలసట, అతని మనఃస్థితి, ఇవన్నీ ఎక్స్‌రే తెరపై కనిపించనివి. వాటికి వేరే కాపలాదారులు కావలె.

ఆ కాపలా ఎంత దృఢమైనదో 2025 డిసెంబరులో దేశం చూసింది. అలసట ప్రమాదాలకు దారితీస్తున్నదన్న పైలట్ల ఆందోళన ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళిన తరువాత, వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచి, రాత్రివేళ దిగే విమానాల సంఖ్యకు పరిమితి విధిస్తూ కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. నవంబరు 1 నుంచి రెండవ దశ ప్రారంభమయింది. దేశంలోకెల్లా పెద్ద విమాన సంస్థ అయిన ఇండిగో తగినంతమంది పైలట్లను సిద్ధం చేసుకోలేదు. డిసెంబరు మొదటి వారంలో వేలాది విమానాలు రద్దయ్యాయి. విమానాశ్రయాలలో ప్రయాణికులు నేలపై పడుకున్నారు. అప్పుడు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ చేసినది నిబంధనను సడలించడమే. రాత్రి డ్యూటీ నియమాల నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు లభించింది. గోళ్ళ కత్తెర విషయంలో ఒక్క అంగుళం కదలని ప్రభుత్వం, నిద్రలేని కన్నుల విషయంలో వారం తిరగకుండానే వెనుకకు తగ్గింది.

పైలట్ల సంఘాలకు ఇందులో ఒక పాఠం ఉన్నది. సోదా నుంచి మినహాయింపు కోరడం వల్ల వారికి ప్రజల సానుభూతి లభించదు; లభించడం న్యాయం కూడా కాదు. విశ్రాంతి కోసం, వైద్య సహాయం కోసం, మనోవ్యథను దాచుకోకుండా చెప్పుకున్నా ఉద్యోగం పోదన్న హామీ కోసం వారు పోరాడితే, ప్రతి ప్రయాణికుడూ వారి వెంట నిలుస్తాడు. ప్రభుత్వం చేయవలసినది కూడా కష్టమైనదేమీ కాదు. సిబ్బందికి ప్రత్యేక ద్వారం, మర్యాదగల తనిఖీ, తగినంతమంది మహిళా జవాన్లు ఏర్పాటు చేయవచ్చు. ఉద్యోగం మానిన క్షణంలోనే కార్డు రద్దయ్యే కట్టుదిట్టం చేయవచ్చు. ప్రముఖుల మినహాయింపు జాబితాను కుదించవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, అలసట నిబంధనకు కత్తెర నిబంధనకున్నంత బిగువు ఇవ్వడం.

ఈ లేఖ ముగించే వేళకు ఇక్కడ మరో షిఫ్టు సైరన్ మోగింది. గేటు వద్ద వరుస మళ్ళీ సాగుతున్నది. సోదాకు అలవాటుపడిన ఆ మనుషులకు సోదాపై కోపం ఉన్నట్లు తోచదు. తమ వెనుక వచ్చే కారును కూడా ఒకనాడు ఆపుతారా అన్నదే వారి ప్రశ్న. విమానాశ్రయంలో పైలటు అడగవలసిన ప్రశ్న కూడా అదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు ఢిల్లీలో ఉన్నారు.