ఇంటికి ఫొటో ప్రింటరు: ఏది కొనాలి?

హాస్టల్లో చదివిన మనకు ఫొటో అంటే స్కాలర్‌షిప్ దరఖాస్తుకు అంటించే పాస్‌పోర్టు సైజు ఫొటోయే. మిరపకాయ కోతలకు, పత్తితీతలకు వెళ్లే మన అమ్మానాన్నలకు అదీ అరుదే. మా నాన్న పోయినప్పుడు రేషన్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించాం. ముఖం మసకగా వచ్చింది. ఆ బాధతోనే ఉద్యోగం రాగానే ఫొటో ప్రింటరు కొన్నాను. చౌకగా వస్తోందని తొందరపడ్డాను. తమ్ముళ్లు ఆ పొరపాటు చేయకూడదని ఈ నాలుగు మాటలు.

ప్రింటరు ధర కాదు, ఇంకు ధర చూడండి. చౌక ప్రింటరుకు నాలుగుసార్లు కార్ట్రిడ్జ్‌లు మారిస్తే ప్రింటరు ధర దాటిపోతుంది. తరచుగా ప్రింట్లు తీసేవారికి సీసాతో ఇంకు నింపుకునే ట్యాంకు రకం మేలు. మొదట ఖర్చెక్కువైనా తర్వాత కలిసొస్తుంది. అయితే వారానికి ఒక్క కలర్ ప్రింటయినా తీయాలి. లేకపోతే మన ఎండలకు ఇంకు ఆరిపోయి హెడ్ మూసుకుపోతుంది. ఎప్పుడో ఒకసారి తీసేవారికి డై సబ్లిమేషన్ రకం నయం. అది వేడితో రంగును కాగితానికి ఎక్కిస్తుంది, ఆరిపోయే ఇంకు ఉండదు.

ఏ ప్రింటరైనా మంచి ఫొటో పేపరే వాడాలి. 4x6 అంగుళాల ఫొటో స్పష్టంగా రావాలంటే 1200x1800 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కుదించుకుపోయి ఉంటుంది, అసలు ఫైలే తీసుకోండి.

ఏడాదికి పదో ఇరవయ్యో ఫొటోలైతే ప్రింటరే వద్దని నా అభిప్రాయం. గుంటూరులోనో ఒంగోలులోనో కలర్ ల్యాబ్‌లో వేయించుకోవచ్చు. ముందు ఈ సెలవులకు ఇంటికెళ్లి అమ్మానాన్నలను నిలబెట్టి ఒక మంచి ఫొటో తీయండి. ప్రింటరు తర్వాతైనా కొనుక్కోవచ్చు.