పూర్వుల నేలను చూచినంతనే సరియా?

పూర్వుల నేలను ఒక్కమారు త్రొక్కివచ్చిన చాలును, బిడ్డలకు జాతి యెరుక దానంతట అదియే కలుగునని మనలో పలువురు నమ్ముచున్నారు. ఈ నమ్మకమును మేము అంగీకరింపజాలము. స్వంత రాజ్యము లేని కుర్దుల చరిత్ర ఇందుకు సాక్ష్యము.

టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియాల నడుమ వారి నేల చీలియున్నది. 1920 నాటి సేవ్ర్ సంధి వారికి చూపిన రాజ్యాశను 1923 నాటి లొసాన్ సంధి తుడిచివేసినది. అయినను వారి భాష నిలిచినది. ఎవరి వలన? కుర్దుల తొలి పత్రిక ‘కుర్దిస్తాన్’ 1898లో వెలువడినది కైరోలో. కుర్మాంజీకి లాటిన్ లిపిని వ్యాపింపజేసిన ‘హవార్’ 1932లో వెలువడినది డమాస్కస్‌లో. నేలకు దూరమైనవారే ఈ పని చేసిరి.

అట్లని యాత్ర వ్యర్థమని మేము అనము. 1961 ఒప్పందము పిమ్మట టర్కీ నుండి జర్మనీకి పనికై పోయినవారిలో కుర్దులును కలరు. అట్టి ఇంట కుర్మాంజీ వినుచు పెరిగిన బిడ్డ ఇరాక్‌లోని సులైమానియాకు పోయినచో, అచట వినబడునది సొరానీ, కనబడునది అరబ్బీ లిపి. తన జాతి తన ఇంటికన్న పెద్దదని అప్పుడు తెలియును. 1988 మార్చి 16న విషవాయువుల దాడికి వేలమంది బలియైన హలబ్జాలో నిలిచినచో, పెద్దలు చెప్పిన దుఃఖము తన దుఃఖమగును. కాని ఇంట ఏమియు వినని బిడ్డకు ఆ ఊరు మరియొక పరాయి ఊరు మాత్రమే. యాత్ర ఉన్నదానిని పెంచును, లేనిదానిని పుట్టింపదు.

మన సంగతి చూతము. టర్కీలో 1983 నాటి చట్టము కుర్దు భాషా ప్రచురణలను నిషేధించినది. 1991లో గాని అది తొలగలేదు. బళ్లారిలో, మధురలో, బరంపురములో, షోలాపురములో మనము ఇంట తెలుగు మాటాడరాదని ఏ చట్టము శాసించినది? బడిలో తెలుగు తగ్గినదందురు, నిజమే కావచ్చును. వంటింటిలో తగ్గించినదెవరు? ఏ నిషేధమును లేకయే మనము నోరు కట్టుకొంటిమి. పిదప సెలవులలో బిడ్డలను తెలుగునాటికి కొనిపోయి, దైవదర్శనము చేయించి, బంధువుల నడుమ వారు మాట పెగలక నిలిచినప్పుడు వారినే తప్పుపట్టుచున్నాము. ఇది న్యాయమా?

బిడ్డలను తప్పక కొనిపొండు. అంతకుముందు ఇంట తెలుగున పలుకుడు, అక్షరములు దిద్దింపుడు, తాతముత్తాతలు ఏ ఊరు విడిచి ఏల వచ్చిరో చెప్పుడు. అప్పుడు ఆ ఊరు వారిని పలుకరించినచో, వారును బదులు పలుకగలరు.